గొలుసు విప్పిన చెయ్యి

మానసిక వైద్య చరిత్ర చెప్పే పుస్తకాల్లో ఒక బొమ్మ తరచుగా కనిపిస్తుంది. పారిస్‌లోని సల్పెత్రియేర్ ఆసుపత్రి ముంగిలి. కొందరు ఆడవాళ్లు నేల మీద పడి ఉన్నారు, కొందరు ఇంకా ఇనప కట్లలోనే ఉన్నారు. డాక్టర్ ఫిలిప్ పినెల్ హుందాగా నిలబడి చూస్తున్నాడు. ఒకామె వంగి ఆయన చేతిని ముద్దు పెట్టుకుంటోంది. మధ్యలో నిలబడ్డ యువతి నడుము దగ్గరి ఇనప కట్టును ఒకతను విప్పుతున్నాడు. టోనీ రాబర్ ఫ్లరీ 1876లో వేసిన తైలవర్ణ చిత్రమిది. పాఠం చెప్పేవాళ్లు పినెల్‌ను చూపించి పేజీ తిప్పేస్తారు. ఆ కట్టు విప్పుతున్న మనిషి గురించి ఎవరూ అడగరు.

చిత్రకారుడి మనసులో ఎవరున్నారో గానీ, చరిత్రలో అలాంటి మనిషి ఒకడున్నాడు. జాన్ బాప్తిస్త్ ప్యుసాఁ. తోళ్లు ఊనే పనివాడు. 1771లో గండమాల వ్యాధితో పారిస్ శివార్లలోని బిసెత్ర్ ఆసుపత్రిలో రోగిగా చేరాడు. నయమయ్యాక ఇంటికి పోకుండా అక్కడే పనికి కుదిరాడు. 1780ల నడిమికి మతి చలించినవాళ్ల వార్డు బాధ్యత ఆయన చేతికొచ్చింది. భార్య మార్గరీత్ కూడా అక్కడే పనిచేసేది. వార్డులో ఎవరూ రోగి మీద చెయ్యి చేసుకోకూడదని ప్యుసాఁ కట్టడి చేశాడు. కోలుకున్న రోగుల్నే పనివాళ్లుగా పెట్టుకున్నాడు. ఆ బాధ తెలిసినవాడు కసురుకోడని ఆయన లెక్క.

పినెల్ 1793లో బిసెత్ర్‌కు వచ్చేసరికి ఈ పద్ధతి నడుస్తూనే ఉంది. చదువుకున్న వైద్యుడు వైద్యం చదవని వార్డు పెద్ద పక్కన కూచుని నేర్చుకున్నాడు, ఆ సంగతి దాచుకోకుండా రాసుకున్నాడు కూడా. అక్కడి మగవాళ్ల గొలుసులు తీయించింది 1797లో ప్యుసాఁనే. పినెల్ అప్పటికి రెండేళ్ల కిందటే సల్పెత్రియేర్‌కు మారిపోయాడు. ఆ తర్వాత పట్టుబట్టి మరీ ప్యుసాఁను తన దగ్గరికి పిలిపించుకున్నాడు. ఇంకో మాట కూడా చెప్పాలి. గొలుసుల స్థానంలో ప్యుసాఁ తెచ్చింది చేతులు కదలకుండా కుట్టిన గట్టి గుడ్డ చొక్కా. ఇనుము పోయి గుడ్డ వచ్చింది. దాన్ని చిన్న విషయంగా కొట్టిపారెయ్యలేం, గొప్ప విషయంగా చెప్పుకోనూ లేం.

ఈ అధ్యాయం ప్యుసాఁ వారసుల గురించి, అంటే మానసిక వార్డు నర్సుల గురించి. మన ఊళ్లలో వాళ్లను సిస్టర్ అంటారు, పెద్దవాళ్లయితే సిస్టరమ్మా అంటారు. ఈ మధ్య మగ నర్సులూ వస్తున్నారు గనక బ్రదర్ అనే పిలుపూ వినిపిస్తోంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఎవరైనా అడ్డదిడ్డంగా మాట్లాడితే అక్కడి మానసిక ఆసుపత్రిని తలుచుకుని ‘వీణ్ని ఎర్రగడ్డకు పంపాలి’ అంటారు, ఉత్తరాంధ్రలో అదే ఎగతాళిని విశాఖ మానసిక ఆసుపత్రి మీదికి తోస్తారు. లోపల రాత్రింబగళ్లు పనిచేసేవాళ్లు ఈ మాట విని విని అలవాటుపడిపోయారు.

వార్డులో కాలం ఎలా గడుస్తుందో ఒకసారి చూడండి. డాక్టరు పొద్దున రౌండ్స్‌కు వస్తారు. ఒక్కో మంచం దగ్గర అయిదు నిమిషాలు నిలబడితే అది మంచి రోజు. రోజుకు 1,440 నిమిషాలు. మిగిలిన 1,435 నిమిషాలూ రోగి నర్సుల కంటి ముందే ఉంటాడు. ఎప్పుడు నిద్రలేచాడు, అన్నం ఎందుకు తోసేశాడు, గోడ వైపు తిరిగి ఎవరితో మాట్లాడుతున్నాడు, మాత్రను మింగాడా, నాలుక కింద దాచాడా? రక్తపరీక్షలో, స్కానింగులో స్కిజోఫ్రీనియా వంటి మానసిక జబ్బు కనపడదు. తోటి మనిషి చూసి చెప్పడమే ఇక్కడ పరీక్ష. నర్సు కేస్ షీటులో రాసే నాలుగు ముక్కలకు అందుకే అంత విలువ. ‘రోగి బాగానే ఉన్నాడు’ అని రాస్తే ఏమీ రాయనట్టే. ‘రాత్రి రెండింటికి లేచి కిటికీ దగ్గర నిలబడి, నన్ను పిలుస్తున్నారు అన్నాడు, మంచినీళ్లిచ్చాక పడుకున్నాడు’ అని రాస్తే పొద్దున డాక్టరుకు దారి దొరుకుతుంది.

చూసినదాన్ని అర్థం చేసుకోవాలంటే మెదడు సంగతి తెలియాలి. మెదడు బరువు కిలోన్నర కన్నా కాస్త తక్కువ, అంటే ఒంటి బరువులో నూటికి రెండు వంతులు. తినేది మాత్రం ఒంటికి అందే శక్తిలో అయిదో వంతు. అందులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు ఉన్నాయి. ఒక న్యూరాన్ ఇంకో న్యూరాన్‌ను మామూలుగా తాకదు. మధ్యలో సన్నటి సందు ఉంటుంది. సందుకు ఇవతల నుంచి కొంచెం రసాయనం విడుదలవుతుంది, అవతల దాన్ని అందుకునే గ్రాహకాలుంటాయి. డోపమిన్, సెరటోనిన్, నారడ్రినలిన్, గాబా, గ్లుటమేట్ ఇలాంటి రసాయనాలే. వీటిలో డోపమిన్ ఒక్కదాన్ని పట్టుకుని ముందుకు వెళదాం. మానసిక వార్డులో సగం కథ అర్థం కావడానికి అది చాలు.

డోపమిన్‌ను ‘ఆనందాన్నిచ్చే రసాయనం’ అని పత్రికలు రాస్తుంటాయి. అది సగం నిజం. ఎదురుగా ఉన్న వెయ్యి విషయాల్లో ఏది పట్టించుకోవాలో చెప్పడం దాని పనుల్లో ఒకటి. వీధిలో నడుస్తుంటే వంద శబ్దాలు వినపడతాయి, మన పేరు పిలిచిన ఒక్క శబ్దానికే తల తిప్పుతాం. స్కిజోఫ్రీనియా వంటి జబ్బుల్లో మెదడు లోతట్టు దారి ఒకదానిలో డోపమిన్ అదుపు తప్పుతుంది. అప్పుడు పట్టించుకోనక్కర్లేనివి కూడా ముఖ్యమైనవిగా తోస్తాయి. ఎదురింటివాళ్లు కిటికీ మూశారు. మామూలు రోజున దానికి అర్థమేమీ లేదు. ఇప్పుడు అది తన కోసమే మూసినట్టుంది. బస్సులో ఎవరో దగ్గారు, అది సైగ. టీవీలో వార్తలు చదివే ఆమె తననే చూస్తోంది. ఇన్ని గుర్తులు కలిసొస్తే ఎవరైనా ఏదో ఒక కథ అల్లుకోకుండా ఉండలేరు. చుట్టుపక్కలవాళ్లు తన మీద కుట్ర చేస్తున్నారని నమ్మే మనిషి ఆలోచించడం మానలేదు, తప్పుడు ముడిసరుకుతో గట్టిగా ఆలోచిస్తున్నాడు. ‘అదంతా నీ భ్రమ’ అని వాదనకు దిగితే ఎందుకు గెలవలేమో దీన్నిబట్టి తెలుస్తుంది.

1952లో పారిస్‌లోని సాంతాన్ ఆసుపత్రిలో జాన్ దెలే, పియేర్ దెనికేర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అనే మందును మానసిక రోగుల మీద వాడి చూశారు. డోపమిన్ గ్రాహకాలను మూసేసే మందుల కుటుంబానికి అదే పెద్దకొడుకు. అంతవరకూ జీవితాంతం ఆసుపత్రి గోడల మధ్యే ఉండాల్సినవాళ్లు ఇళ్లకు వెళ్లడం మొదలైంది. అయితే మాత్రకు చిరునామా తెలియదు. మెదడులో డోపమిన్ నడిచే పెద్ద దారులు నాలుగున్నాయి. మందు జబ్బున్న దారిలోనే ఆగదు, మిగతా మూడు దారుల్లోకీ పోతుంది. ఒకటి ఒంటి కదలికలను సాఫీగా నడిపేది. ఇంకొకటి పీయూష గ్రంథికి పోయి ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను అదుపులో పెట్టేది. మరొకటి నుదుటి వెనక భాగానికి పోయి చొరవను, ఉత్సాహాన్ని నిలిపేది. నర్సు చదువులో ఈ నాలుగు దారుల బొమ్మ వేయిస్తారు. పరీక్షకు బట్టీపట్టి మరిచిపోతే మాత్రం వార్డులో ఏం జరుగుతుందో చెబుతాను.

ఒక పాతికేళ్ల కుర్రాడు చేరాడనుకుందాం. మందు మొదలుపెట్టి నాలుగు రోజులైంది. సాయంత్రం నుంచి వార్డులో ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉన్నాడు. కూచోమంటే కూచుంటాడు, కాళ్లు ఆడిస్తాడు, మళ్లీ లేస్తాడు. ‘రెస్ట్‌లెస్‌గా ఉన్నాడు’ అని కేస్ షీటులో రాశారు. జబ్బు ముదిరిందనుకుని మందు పెంచారు. మర్నాడు ఇంకా ఎక్కువ తిరిగాడు. పడుకోమని చెయ్యి పట్టుకుంటే విసిరికొట్టాడు. ‘వయొలెంట్’ అని రాశారు. మంచానికి కట్టారు.

ఆ కుర్రాడికి జబ్బు ముదరలేదు. కదలికల దారిలో డోపమిన్ మూసుకుపోవడం వల్ల అకథీసియా అనే అవస్థ వచ్చింది. ఒళ్లంతా లోపలి నుంచి తరుముతున్నట్టుంటుంది, కూచోవడమే నరకంగా ఉంటుంది. దీనికి మందు తగ్గించాలి, లేదా మార్చాలి, లేదా విరుగుడు ఇవ్వాలి. ఇక్కడ చేసింది దాన్ని పెంచడం, పైగా కదలకుండా కట్టెయ్యడం. ఎవరికీ ద్వేషం లేదు, అందరూ డ్యూటీ చేశారు. ‘ఏం నాయనా, లోపల ఎలా ఉంది? మనసులో కంగారా, కాళ్లలోనా?’ అని ఆ నాలుగో సాయంత్రం ఒకరు అడిగి ఉంటే ‘కాళ్లు నిలవనివ్వట్లేదు సిస్టరమ్మా’ అని అతనే చెప్పేవాడు. మెదడు పాఠం, రోగి హక్కుల పాఠం సిలబస్‌లో వేరువేరు యూనిట్లుగా ఉంటాయి. నా లెక్కలో ఆ కుర్రాడి మంచం దగ్గర అవి రెండూ ఒకటే పాఠం.

ఆ మందే కొందరిలో మెడను ఒక పక్కకు మెలితిప్పేస్తుంది, కనుగుడ్లు పైకి పోయి నిలిచిపోతాయి. వార్డులో ఒక ఇంజెక్షన్‌తో కాసేపట్లో సర్దుకునే సంగతి ఇది. ఇంట్లో జరిగితే మళ్లీ దయ్యం పట్టిందని వేపమండలు తెస్తారు. డిశ్చార్జి రోజున నర్సు ఈ ఒక్క విషయం తల్లికి చెప్పి పంపితే చాలు.

ప్రొలాక్టిన్ సంగతి ఇంకా నాజూకైనది. పెళ్లికాని అమ్మాయికి నెలసరి ఆగిపోతుంది, ఒక్కోసారి రొమ్ముల్లో పాలు కూడా వస్తాయి. ఆ పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? అమ్మకు తెలిస్తే ఏం అనుమానిస్తుందో అని భయం. మందు వల్లేనని ఆమెకు తెలియదు. చెప్పకుండా మాత్రలు మానేస్తుంది, రెండు నెలల్లో జబ్బు తిరగబెడుతుంది. ‘మొండిది, మందులు వేసుకోదు’ అని ఇంటిల్లిపాదీ అంటారు. పక్కకు తీసుకెళ్లి, తలుపు దగ్గరకేసి, గొంతు తగ్గించి అడిగే నర్సుకు మాత్రమే ఈ కారణం తెలుస్తుంది. గోప్యత అనే హక్కుకు వైద్యంలో ఇంత పని ఉంది.

లిథియం గురించి చెప్పకుండా వెళితే తెలుగు నేల మీద ఈ అధ్యాయం రాసినట్టు కాదు. ఉన్మాదం, కుంగుబాటు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే బైపోలార్ జబ్బుకు ఇది పాత మందు, ఇప్పటికీ గట్టి మందు. ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో దీని గుణాన్ని ప్రకటించాడు. చిక్కేమిటంటే పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ దూరం చాలా తక్కువ. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీమోల్ దాకా ఉండాలి, 1.5 దాటితే ప్రమాదం. మూత్రపిండాలు లిథియాన్ని ఇంచుమించు ఉప్పులాగే చూస్తాయి. ఒంట్లో ఉప్పు తగ్గితే ఉప్పుతో పాటు లిథియాన్నీ పట్టి ఉంచుతాయి. ఇప్పుడు రోళ్లు పగిలే రోహిణి ఎండలు తలుచుకోండి. పొలంలో చెమట కారుతుంది, ఒంట్లో నీరూ ఉప్పూ పోతాయి, రక్తంలో లిథియం పెరుగుతుంది. బీపీ అని ఉప్పు ఒక్కసారిగా మానేసినా, ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి కొన్ని రకాల నొప్పి మాత్రలు మింగినా అదే జరుగుతుంది. చేతులు పెద్దగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలుతూ నడవడం, మాట ముద్దగా రావడం దాని గుర్తులు. వడదెబ్బ అనుకుని మజ్జిగ పోసి పడుకోబెడతారు. వేసవికి ముందు లిథియం వాడేవాళ్లందరికీ నీళ్లు, ఉప్పు, రక్తపరీక్ష గురించి గుర్తుచెయ్యడం నర్సు పని.

ఇంకొక పొరపాటు. అరవై డెబ్భై ఏళ్ల పెద్దాయన రాత్రికి రాత్రి మతి తప్పి మాట్లాడుతుంటే, లేనివి కనపడుతున్నాయంటే అది చాలాసార్లు మానసిక జబ్బు కాదు. మన పెద్దలు దానికి సంధి అనే పేరు పెట్టుకున్నారు. మూత్రంలో ఇన్ఫెక్షనో, చక్కెర పడిపోవడమో, సోడియం తగ్గడమో వెనక ఉంటుంది. మానసిక వార్డు నర్సు చేతిలో కూడా థర్మామీటరు, గ్లూకోమీటరు ఉండాలి.

చెవిలో మాటలు వినపడేవాళ్ల దగ్గర ఎలా మసలుకోవాలి? మనం లోలోపల మాట్లాడుకునేటప్పుడు ఆ మాట నాదే అని మెదడు దానికి ఒక ముద్ర వేస్తుందని, ఆ ముద్ర పడకపోతే సొంత మాటే బయటి గొంతులా వినిపిస్తుందని ఒక బలమైన సిద్ధాంతం ఉంది. గొంతులు వినపడే క్షణంలో స్కాన్ తీస్తే మాటను పుట్టించే భాగాలు పనిచేస్తూ కనపడ్డాయి కూడా. అంటే అతను అబద్ధం చెప్పడం లేదు. నర్సు ‘నాకూ వినపడుతోంది’ అనకూడదు, అది మోసం. ‘ఏమీ లేదు, ఊరుకో’ అనకూడదు, అది అతని అనుభవాన్ని కాదనడం. ‘నాకు వినపడటం లేదు, నీకు వినపడుతోందని నమ్ముతున్నాను. ఏమంటున్నారు?’ అనాలి. ఆ ఆఖరి ప్రశ్న మర్యాద కోసం వేసేది కాదు. చచ్చిపొమ్మనో, ఎవరినో కొట్టమనో ఆజ్ఞలు వస్తున్నాయేమో తెలియాలి.

ఇలా మాట్లాడటాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టింది అమెరికా నర్సు హిల్డెగార్డ్ పెప్లో. నర్సుకూ రోగికీ మధ్య సంబంధమే చికిత్సలో భాగమని ఆమె పుస్తకం రాసింది. అది 1952లో, అంటే క్లోర్‌ప్రోమజీన్ వచ్చిన ఏడాదే అచ్చయింది. రాత ముగిసి అప్పటికే నాలుగేళ్లు. డాక్టరు పేరు పక్కన లేకుండా నర్సు ఒక్కతే పుస్తకం రాయడమేమిటని ఆలస్యం చేశారు. నర్సు ఆందోళన రోగికి అంటుకుంటుందని ఆమె గట్టిగా చెప్పింది. దీనికి మెదడులో ఆధారం వెతకడం కష్టం కాదు. కణతల లోపల బాదం గింజంత అమిగ్డలా ఉంటుంది. ఎదుటి ముఖంలో భయాన్ని, గొంతులో కోపాన్ని నుదుటి వెనకున్న వివేకం కన్నా ముందే అది పసిగడుతుంది. భయపడి ఉన్న మనిషి మీదికి నలుగురు ఒకేసారి అరుస్తూ వస్తే అతని మెదడు చేసే పని ఒక్కటే, పోరాడటమో పారిపోవడమో. ఒక్కరే, చేతులు కనపడేలా, రెండు చేతుల పొడవు దూరంలో నిలబడి, నెమ్మదిగా పేరు పెట్టి పిలిస్తే చాలాసార్లు తాడు అవసరం రాదు.

మెదడు తెలిసి మనిషిని అడగకపోతే ఎంత దూరం పోతుందో కూడా చరిత్రలో ఉంది. పోర్చుగల్ వైద్యుడు ఇగాస్ మోనిజ్ 1935లో నుదుటి వెనక భాగానికి పోయే తంతువులను తెగ్గొట్టే శస్త్రచికిత్స మొదలుపెట్టాడు. రోగులు నెమ్మదించారు. ఎంతగా అంటే, కొందరు ఇక దేనికీ స్పందించలేదు. 1949లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. అమెరికాలో వేల మందికి ఆ కోత పెట్టారు. వాళ్లలో ఎంతమంది ఇష్టం కనుక్కున్నారో ఊహించుకోవచ్చు.

మన దగ్గర కళ్లు తెరిపించింది వేరే ఘోరం. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక ప్రైవేటు మానసిక ఆశ్రమం అంటుకుంది. తాటాకు పాక. లోపలివాళ్లను మంచాలకు, గుంజలకు గొలుసులతో కట్టి ఉంచారు. ఆ మంటలకు 28 మంది చనిపోయారు. పినెల్, ప్యుసాఁల కాలానికి రెండు వందల ఏళ్ల తర్వాతి మాట ఇది. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది.

1912 నాటి లూనసీ చట్టం తర్వాత 1987లో ఒక చట్టం వచ్చింది. దాన్ని పక్కకు నెట్టి 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, మర్నాటి ఏడు అమల్లోకి దిగింది. పాత చట్టాలు ఆసుపత్రిలో ఎవరిని ఎలా చేర్చాలనే దాని మీదే ఎక్కువ మాట్లాడాయి. ఇది రోగి వైపు నుంచి మొదలవుతుంది. గొలుసుతో కట్టడం ఏ రూపంలోనైనా నిషేధం. మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా కరెంటు చికిత్స చెయ్యడం నిషేధం. మానసిక జబ్బుకు మెదడు శస్త్రచికిత్స చెయ్యాలంటే రోగి సమ్మతితో పాటు ఈ చట్టం కింద ఏర్పడిన బోర్డు అనుమతి కావాలి. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలి, శిక్షించకూడదు.

బ్యాంకు ఖాతాకు నామినీని రాసినట్టే, బాగున్న రోజుల్లోనే మన తరఫున నిర్ణయాల్లో తోడుండే ప్రతినిధిని రాసిపెట్టుకోవచ్చు. జబ్బు తిరగబెడితే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే కాగితం మీద పెట్టవచ్చు. ఇంత మంచి సదుపాయాన్ని వాడుకున్న కుటుంబం నాకింతవరకూ ఒక్కటీ తారసపడలేదు.

ఈ చట్టంలో నన్ను ఆపినవి చిన్న చిన్న వాక్యాలు. బలవంతంగా గుండు చెయ్యకూడదు. తిరుపతిలో మొక్కు తీర్చుకుని ఇచ్చే తలనీలాలు వేరు, వార్డులో పేలు పడ్డాయని అందరినీ వరసగా కూచోబెట్టి తీసే జుట్టు వేరు. కావాలంటే సొంత బట్టలే కట్టుకోవచ్చు. ఆడవాళ్లకు నెలసరి నాప్‌కిన్లు ఇవ్వాలి. పని చేయిస్తే డబ్బివ్వాలి. మూడేళ్లలోపు బిడ్డ ఉన్న తల్లిని చేర్చుకుంటే బిడ్డను మామూలుగా విడదీయకూడదు. తల్లి జబ్బు వల్ల బిడ్డకు ప్రమాదమనుకుంటే తాత్కాలికంగా విడదీసినా ఆ నిర్ణయాన్ని ప్రతి పదిహేను రోజులకూ మళ్లీ చూడాలి. ఇవన్నీ రాయాల్సి వచ్చాయంటే, రాయకముందు ఏం జరిగేదో వేరే చెప్పక్కర్లేదు.

కట్టెయ్యడం పూర్తిగా పోలేదు. కొన్ని రాత్రుల్లో అది తప్పదని ఆ డ్యూటీ చేసినవాళ్లందరూ ఒప్పుకుంటారు. అప్పటికప్పుడు రోగికో ఇంకొకరికో హాని జరగబోతుంటే, ఆపడానికి వేరే దారి లేకపోతే, బాధ్యుడైన సైకియాట్రిస్టు అనుమతితో, అవసరమైనంతసేపే కట్టవచ్చునని చట్టం అంటుంది. కారణం, పద్ధతి, ఎంతసేపు అన్నది రాయాలి. 24 గంటల్లోపు ప్రతినిధికి తెలపాలి. శిక్షగా కట్టకూడదు. స్టాఫ్ తక్కువగా ఉన్నారనే సాకుతో కట్టకూడదు. ఈ ఆఖరి మాట రాసినవారికి మన వార్డులు బాగా తెలుసు. అరవై మంది రోగులకు రాత్రి ఒక్క నర్సునే పెట్టి హక్కుల గురించి ఆమెకు ట్రైనింగ్ ఇవ్వడం వల్ల ఒరిగేది లేదు. అక్కడ తప్పు ఆమె చేతిలోని తాడుది కాదు, డ్యూటీ చార్టు వేసినవాళ్లది.

మీ ఇంటివాళ్లెవరైనా మానసిక వార్డులో ఉండి, ఒకరోజు చూడ్డానికి వెళ్లినప్పుడు మణికట్టు మీద ఒరుసుకున్న గుర్తు కనపడితే సిస్టర్ మీద అరవకండి. ఎవరు అనుమతించారు, ఎంతసేపు కట్టారు, ఎక్కడ రాశారు అని మూడు ప్రశ్నలు అడగండి. ఆ రాత్రి వార్డులో ఎంతమంది నర్సులున్నారో కూడా అడగండి.